పాత వాల్వుల టీవీ: అటక మీద నుంచి దించి బొమ్మ తెప్పించేదాకా

అటక మీద నుంచి దించిన పాత టీవీని చూడగానే ఎవరికైనా ముందు పుట్టే బుద్ధి ఒకటే: ప్లగ్గు పెట్టి చూద్దాం, వెలుగుతుందేమో! ముప్ఫై నలభై ఏళ్లు మూల పడి ఉన్నా చెడని సెట్టు ఆ రెండు నిమిషాల్లో చెడిపోతుంది. లీకైన ఒక్క కండెన్సర్ వల్ల లైన్ ఔట్‌పుట్ వాల్వు (బొమ్మ గీతల్ని అడ్డంగా నడిపేది) ఎర్రగా కాలి, దానితోపాటు పిక్చర్ ట్యూబుకి వేల వోల్టులు ఇచ్చే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్‌నీ తీసుకుపోతుంది. వాల్వు వెతికితే దొరుకుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు. అందుకని ఇక్కడ చెప్పే పనిలో సగానికి పైగా ప్లగ్గు పెట్టకముందు చేసేదే.

ఏ సెట్ల గురించి

మద్రాసు దూరదర్శన్ 1975లో, హైదరాబాదు కేంద్రం 1977లో మొదలయ్యాయి. కాబట్టి మన ఇళ్లలో కనిపించే పాత నలుపు తెలుపు సెట్లు ఎక్కువగా ఆ కాలానివే. చెక్క పెట్టె, పక్కలకు జరిగే షట్టరు తలుపులు, 20 లేదా 24 అంగుళాల ట్యూబు. వీటిలో చాలావరకు హైబ్రిడ్ సెట్లు: ట్యూనరు, ఐఎఫ్ భాగం (ట్యూనరు ఇచ్చిన సిగ్నలుని పెంచేది) ట్రాన్సిస్టర్లతోనూ, వీడియో, సౌండు, ఫ్రేము (బొమ్మని పైనుంచి కిందికి నడిపేది), లైను ఔట్‌పుట్లు వాల్వులతోనూ నడుస్తాయి. వాల్వుల నంబర్లు పీ అక్షరంతో మొదలవుతాయి. అంటే అన్నిటి హీటర్లూ (వాల్వుని లోపల వేడి చేసే తీగలు) 300 మిల్లీ ఆంపియర్లవే, దీపావళి సీరియల్ లైట్లలా ఒకదాని వెనక ఒకటి వరసలో ఉంటాయి. యూరపులో తయారైన పూర్తి వాల్వుల సెట్లకూ ఇదే పద్ధతి. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు లేని ఈ కుటుంబం సెట్లనే దృష్టిలో పెట్టుకుని కింది లెక్కలు ఇస్తున్నాం.

ప్రాణానికి సంబంధించిన మూడు సంగతులు

మొదటిది, ఛాసిస్ లైవ్. కరెంటు తీగల్లో ఒకటి నేరుగా ఛాసిస్ రేకుకే కలిపి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు తిరగేసి పెడితే రేకు మీద 230 వోల్టులు ఉంటాయి. మరమ్మతు చేసేటప్పుడు 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. సెట్టు తినేది 150–180 వాట్లే అయినా 500 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. లోపల ఉన్నది సగం తరంగాన్ని మాత్రమే లాగే డయోడ్ కాబట్టి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కోరు సంతృప్తమై వేడెక్కిపోతుంది. ఒక హెచ్చరిక: ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత ఇంటి ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే ట్రిప్ అయ్యే స్విచ్చి) మిమ్మల్ని కాపాడదు. రెండు చేతులతో రెండు చోట్ల ముట్టుకుంటే అది ట్రిప్ కాదు. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పని చెయ్యమని పాత మెకానిక్కులు ఊరికే అనలేదు.

రెండోది, పిక్చర్ ట్యూబు దాచుకునే ఛార్జి. పక్కన రబ్బరు కప్పు కింద ఉన్న ఆనోడ్‌కి 15 నుంచి 18 వేల వోల్టులు వస్తాయి. సెట్టు ఆపాక కూడా చాలాసేపు అది నిలుస్తుంది. 1 మెగోమ్, 2 వాట్ల రెసిస్టెన్సులు నాలుగైదు వరసగా సోల్డర్ చేసి, ఒక కొస పిడి ఉన్న సన్నటి స్క్రూడ్రైవరుకీ, రెండో కొస ట్యూబు వీపు మీది నల్లటి గ్రాఫైట్ పూతను తాకే అల్లిక తీగకీ బిగించండి. స్క్రూడ్రైవరు మొనని కప్పు కిందికి జరిపి పది సెకన్లు ఉంచండి. అయిదు నిమిషాలాగి మళ్ళీ చెయ్యండి. గాజులో ఇంకిన ఛార్జి మళ్ళీ పైకి తేలుతుంది. రెసిస్టెన్సులు లేకుండా, అదీ ఛాసిస్‌కి తాకిస్తే, ట్రాన్సిస్టర్ల వీడియో భాగం ఉన్న సెట్టులో ఆ ఒక్క చిటుక్కుతో రెండు మూడు ట్రాన్సిస్టర్లు పోతాయి.

మూడోది, ట్యూబు గాజు. లోపల శూన్యం. మెడ చివర మూసిన మొన తగిలి విరిగితే గాలి లోపలికి దూరి ట్యూబు అక్కడితో సరి. కళ్ళద్దాలు పెట్టుకుని, దుప్పటి మీద అద్దం కిందికి వచ్చేలా బోర్లించండి. ఎప్పుడూ అద్దం అంచులు పట్టుకునే ఎత్తాలి, మెడ పట్టుకుని ఎప్పుడూ ఎత్తకూడదు.

పనిముట్లు, సామాన్లు

డిజిటల్ మల్టీమీటరు (ట్రూ ఆర్‌ఎమ్ఎస్ అయితే మంచిది), 25–40 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సీసం కలిసిన 60/40 సోల్డరు, వేరియాక్ (వోల్టేజీని సున్నా నుంచి పెంచుకునే ట్రాన్స్‌ఫార్మర్), 100 వాట్ల బల్బు సెట్టుతో వరసలో వచ్చేలా సీరీస్ బోర్డు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి పెయింటు బ్రష్షు, బ్లోయరు. కండెన్సర్లు: 630 వోల్టుల పాలిఎస్టర్ లేదా పాలిప్రొపిలీన్‌లో 0.01, 0.022, 0.047, 0.1 మైక్రోఫారడ్ తలో నాలుగు. లైను భాగంలోని బూస్ట్ కండెన్సర్ కోసం 1,600 వోల్టుల పాలిప్రొపిలీన్ ఒకటి. 105 డిగ్రీల ఎలక్ట్రోలైటిక్‌లు 400 వోల్టుల 220 మైక్రోఫారడ్ రెండు, చిన్నవి 25, 63 వోల్టులవి కొన్ని. 1ఎన్5408 డయోడ్లు నాలుగు. ఇవన్నీ కోఠిలో గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో ఒక పూటలో దొరుకుతాయి. వాల్వులు మాత్రం పాత స్టాకు వెతుక్కోవాలి. మన దగ్గర బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ చేసినవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైంది సర్క్యూట్ బొమ్మ. చాలా సెట్లలో వెనక అట్ట లోపలి వైపు అతికించి ఉండేది. దాన్ని తుడిచేలోపే ఫొటో తీసుకోండి.

దుమ్ము దులపడం, చూడటం

తెరిచాక మొదటి గంట కళ్ళకే పని. బల్లి గుడ్లు, బొద్దింకల పెంట, ఎలుక కొరికిన తీగలు కనిపిస్తాయి. ఏ భాగం ఎక్కడుందో నాలుగు వైపులా ఫొటోలు తీశాక పొడి బ్రష్షుతో దులిపి, దూరం నుంచి బ్లోయరు కొట్టండి. నీళ్లు, కిరోసిన్ వద్దు. వాల్వుల మీది అంకెలు వేలితో రుద్దితేనే చెరిగిపోతాయి, గాజు తుడిచేటప్పుడు ఆ చోటు వదిలెయ్యండి. వాల్వు పైన వెండి పూత అద్దంలా మెరుస్తుంటే లోపల శూన్యం ఉన్నట్టు, పాలలా తెల్లబడితే గాలి దూరినట్టు. ఆ వాల్వు ఇక పారేయడమే.

కోస్తా ఊళ్ళలో తేమ పట్టిన సెట్లయితే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ బాబిన్ మీద బూజు, పచ్చటి చిలుం కనిపిస్తాయి. అట్టపెట్టెలో 60 వాట్ల బల్బు వెలిగించి, ఛాసిస్‌ని అందులో రెండు మూడు రోజులు ఆరనివ్వండి. తడి ఉండగా 15 వేల వోల్టులు పుట్టిస్తే బాబిన్ లోపలే నిప్పురవ్వలు లేస్తాయి.

ఐఎఫ్ డబ్బాల్లోని ఫెర్రైట్ స్క్రూలు ముట్టుకోకండి. బొమ్మ మసగ్గా ఉందని వాటిని తిప్పడం మొదలుపెట్టిన సెట్టు జనరేటరు, స్కోపు లేకుండా మళ్ళీ దారికి రాదు. కాలంతో చెడేవి కండెన్సర్లు, రెసిస్టెన్సులు, డయోడ్లు. ఆ స్క్రూలు వాటంతటవి తిరగవు.

ముందుగా మార్చాల్సినవి

మైనం పూసిన కాగితపు కండెన్సర్లు, నల్ల ప్లాస్టిక్‌లో పోసిన కాగితపు కండెన్సర్లు అన్నీ మార్చండి. వీటిలో మంచివి ఏరుకుంటూ కూర్చోవడం దండగ. సిరామిక్ బిళ్లలు, మైకా, లైన్ ఓసిలేటర్‌లోని పారదర్శకమైన పాలిస్టైరీన్‌వి వదిలెయ్యండి, అవి సాధారణంగా చెడవు. ఒకదాన్ని విప్పి, కొత్తది వేసి, సర్క్యూట్ బొమ్మ మీద టిక్కు పెట్టి, అప్పుడే రెండోది. ఒకేసారి పది విప్పితే తీగలు తారుమారై, కొత్త లోపం మీరే పుట్టిస్తారు.

వీటన్నిటిలో ఒకదాని కథ విడిగా చెప్పాలి. లైన్ ఓసిలేటర్ నుంచి లైన్ ఔట్‌పుట్ వాల్వు పీఎల్504 గ్రిడ్‌కి (వాల్వు కరెంటుని అదుపు చేసే జాలి) వెళ్ళే కప్లింగ్ కండెన్సర్. దాని ఒక వైపు ఓసిలేటర్ ఆనోడ్ దగ్గర 100 వోల్టుల పాజిటివ్, రెండో వైపు గ్రిడ్ దగ్గర 40–60 వోల్టుల నెగెటివ్. ఆ నెగెటివే వాల్వుని కాపాడుతున్న గొళ్ళెం. కండెన్సర్ 10 మెగోమ్ మాత్రమే లీకైందనుకోండి. గ్రిడ్ రెసిస్టెన్స్ 1 మెగోమ్ అయితే గ్రిడ్ తొమ్మిది వోల్టులు పైకి జరుగుతుంది. వాల్వు కరెంటు పెరుగుతుంది, ఆనోడ్ వేడెక్కుతుంది. మామూలు మీటరుతో ఓమ్స్‌లో కొలిస్తే ఈ కండెన్సర్ బాగున్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే మీటరు దాని మీద పెట్టేది ఒకటి రెండు వోల్టులే. నూరు వోల్టుల దగ్గర గానీ లీకు బయటపడదు. ఫ్రేము ఔట్‌పుట్ పీసీఎల్805, సౌండు పీసీఎల్86 గ్రిడ్‌ల దగ్గర ఉన్నవాటికీ ఇదే లెక్క. ఈ మూడూ కొలవకుండానే మార్చెయ్యండి.

కార్బన్ రెసిస్టెన్సులు కాలం గడిచే కొద్దీ విలువ పెరుగుతాయి, ముఖ్యంగా 100 కిలో ఓమ్స్ పైవి. ఒక కాలు ఎత్తి కొలిచి, రాసిన దానికన్నా 20 శాతం దాటితే మార్చండి. ఫ్రేము హైటు, లీనియారిటీ వరసలోని మెగోమ్ రెసిస్టెన్సులు, పీఎల్504 స్క్రీన్ గ్రిడ్‌కి (వాల్వు లోపలి రెండో జాలి) వెళ్ళే కిలో ఓమ్స్ రెసిస్టెన్స్ ముందు చూడండి.

యాంటెన్నా సాకెట్‌ని మరచిపోతుంటారు. లైవ్ ఛాసిస్‌కీ బయటి తీగకీ మధ్య ఉన్నవి రెండు చిన్న కండెన్సర్లే. అవి షార్టయితే డాబా మీది యాంటెన్నా రాడ్డుకి కరెంటు వస్తుంది. వాటి స్థానంలో అదే విలువున్న వై తరగతి భద్రతా కండెన్సర్లు వెయ్యండి.

పెద్ద ఎలక్ట్రోలైటిక్

అల్యూమినియం డబ్బాలో రెండు మూడు భాగాలుగా ఉండే స్మూతింగ్ కండెన్సర్ అడుగున ఉబ్బినా, రసం కారినా ఆలోచన అక్కర్లేదు. పైకి బాగుంటే రీఫార్మ్ చేసి (కొద్దికొద్దిగా వోల్టేజీ పెంచి మళ్ళీ దారికి తెచ్చి) చూడొచ్చు. సెట్టు నుంచి విడదీసి, 10 కిలో ఓమ్స్ 5 వాట్ల రెసిస్టెన్స్ ద్వారా 50 వోల్టుల డీసీ ఇవ్వండి. రెసిస్టెన్స్ మీది వోల్టేజీని చూస్తూ ఉండండి: 10 వోల్టులు ఉంటే లీకు 1 మిల్లీ ఆంప్. అది తగ్గాక ఇంకో 50 వోల్టులు. ఇలా దాని రేటింగుకి చేరేసరికి రెండు మూడు గంటలు పడుతుంది. చివర్లో 1 మిల్లీ ఆంప్‌కి దిగకపోయినా, డబ్బా గోరువెచ్చనైనా దాన్ని వదిలెయ్యండి. డబ్బాని అందం కోసం అక్కడే ఉంచి, దాని తీగలు విప్పి, కొత్తవి ఛాసిస్ కింద బిగించడం మేలు. విలువ రెట్టింపు చెయ్యాలని ఆశపడకండి. పెద్ద కండెన్సర్ స్విచ్చి వేసిన క్షణంలో లాగే కరెంటు డయోడ్‌నీ సర్జ్ రెసిస్టెన్స్‌నీ కాలుస్తుంది. మెయిన్స్ డయోడ్ బీవై127 పోయి ఉంటే 1ఎన్5408 సరిపోతుంది.

హీటర్ల వరస

ఇప్పుడు హెచ్‌టీ డయోడ్ (వాల్వుల ఆనోడ్‌లకి ఎక్కువ వోల్టుల డీసీ ఇచ్చే మెయిన్స్ డయోడ్) ఒక కాలు విప్పి పక్కన పెట్టండి. హీటర్లకి మాత్రమే కరెంటు ఇస్తాం.

ముందు లెక్క. ఒక మామూలు హైబ్రిడ్ సెట్టులో పీవై88కి (లైను భాగంలోని బూస్ట్ డయోడ్ వాల్వు) 30 వోల్టులు, పీఎల్504కి 27, పీసీఎల్805కి 18, పీసీఎల్84కి 15, పీసీఎల్86కి 14.5, పీసీఎఫ్802కి 9, ట్యూబుకి 6.3. మొత్తం దాదాపు 120. మిగతాది డ్రాపర్ రెసిస్టెన్స్ తినాలి: 110 వోల్టులు, 300 మిల్లీ ఆంప్‌లు, అంటే 33 వాట్ల వేడి. ఆ వేడి తగ్గించడానికే చాలా సెట్లలో వరసకి ఒక డయోడ్ పెట్టారు. సగం తరంగమే వెళ్తే 230 వోల్టులు 163 అవుతాయి, డ్రాపరు 43 వోల్టులే మోయాలి. తెలివైన ఏర్పాటే, కానీ ఆ డయోడ్ షార్టయితే వాల్వులన్నీ 300 బదులు 400 మిల్లీ ఆంప్‌లతో తెల్లగా వెలుగుతాయి, ట్యూబు హీటర్‌తో సహా. పాతదాన్ని నమ్మకుండా కొత్త 1ఎన్5408 వేసెయ్యండి.

వేరియాక్ సున్నా నుంచి పది నిమిషాల్లో నెమ్మదిగా 230కి తీసుకెళ్ళండి. ఏదీ వెలగకపోతే ఒక హీటరు తెగింది. కరెంటు తీసేసి ఒక్కొక్క వాల్వు హీటరు పిన్నుల మధ్య కంటిన్యుటీ చూడండి. అన్నీ బాగుంటే వరసలోని థర్మిస్టర్, డ్రాపరు కొలవండి. సగం వెలిగి మిగతా సగం చల్లగా ఉంటే మధ్యలో ఎక్కడో హీటరు క్యాథోడ్‌కి షార్టయింది.

కొలత దగ్గర ఒక మెలిక ఉంది. డయోడ్ ఉన్న వరసలో ట్యూబు హీటరు మీద ట్రూ ఆర్‌ఎమ్ఎస్ మీటరు ఏసీలో 4.9 చూపిస్తుంది. హీటరుకి తక్కువ అందుతోందని కంగారుపడి డ్రాపరు విలువ తగ్గించేస్తారు చాలామంది. చాలా మీటర్లు ఏసీలో డీసీ భాగాన్ని వదిలేస్తాయి. అదే చోట డీసీలో కొలిస్తే 4.0 ఉంటుంది. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 6.3. అంటే అంతా సరిగ్గానే ఉంది.

లైను భాగాన్ని లేపడం

హెచ్‌టీ ఇచ్చే ముందు పీఎల్504 నెత్తి మీది క్లిప్పు తీసి దూరంగా కట్టండి. స్క్రీన్‌కి వెళ్ళే రెసిస్టెన్స్ ఒక కాలు కూడా ఎత్తండి. ఆనోడ్ తీసి స్క్రీన్ ఉంచితే స్క్రీన్ గ్రిడ్ మాడిపోతుంది. వాల్వుని మాత్రం సాకెట్‌లోంచి తీయకండి, తీస్తే హీటర్ల వరసే ఆగిపోతుంది.

హెచ్‌టీ డయోడ్ కలిపి, సీరీస్ బోర్డు ద్వారా స్విచ్చి వెయ్యండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగించాలి. నిండుగా వెలుగుతూనే ఉంటే షార్టుంది, ఆపండి. అది సరైతే వేరియాక్ మీదికి మారి, పీఎల్504 కంట్రోల్ గ్రిడ్ దగ్గర డీసీ కొలవండి. వాల్వులు వేడెక్కాక 30 నుంచి 60 వోల్టుల నెగెటివ్ కనిపించాలి. కనిపించిందంటే ఓసిలేటర్ నడుస్తోంది. సున్నా దగ్గరే ఉంటే క్లిప్పు పెట్టే ప్రశ్నే లేదు: పీసీఎఫ్802, దాని చుట్టూ ఉన్న రెసిస్టెన్సులు వెతకండి. కొన్ని సెట్లలో ఓసిలేటర్‌కి వోల్టేజీ బూస్ట్ లైను నుంచే వస్తుంది, బొమ్మలో చూసుకోండి.

డ్రైవు ఉందని తేలాకే క్లిప్పూ స్క్రీనూ కలపండి. గదిలో లైటు ఆర్పి, పీఎల్504 ఆనోడ్ రేకు మీద కళ్ళు, స్విచ్చి మీద చెయ్యి ఉంచండి. ముప్ఫై నలభై సెకన్లకి 15,625 హెర్ట్‌జ్ సన్నటి ఈల వినిపిస్తుంది. వయసు మీద పడినవాళ్లకి వినపడదు, ఇంట్లో పిల్లల్ని అడగండి. ఆనోడ్ ఏ మాత్రం ఎర్రబడినా మూడు సెకన్లలో ఆపెయ్యాలి.

పీఎల్504 ఆనోడ్ దగ్గర, పీవై88 నెత్తి దగ్గర మల్టీమీటరు పెట్టకండి. అక్కడి పల్సులు కొన్ని వేల వోల్టులు. స్క్రూడ్రైవరుతో నిప్పురవ్వ లాగి ఈహెచ్‌టీ ఉందని చూపించడం పాత మెకానిక్కులకి సరదా. అలా ఎన్నో ట్రాన్స్‌ఫార్మర్లు పోయాయి.

బొమ్మ చెప్పే లోపాలు

సౌండుంది, తెర చీకటి: పీఎల్504, పీవై88, డీవై87 (ఈహెచ్‌టీని డీసీ చేసే వాల్వు), బూస్ట్ కండెన్సర్ ఈ వరసలో చూడండి. ఈల వినిపిస్తూ తెర చీకటిగా ఉంటే డీవై87 హీటరు వెలుగుతోందో లేదో చీకట్లో చూడండి, దానికి 1.4 వోల్టులు ఆ ట్రాన్స్‌ఫార్మర్ నుంచే వస్తాయి. బ్రైట్‌నెస్ పెంచగానే బొమ్మ ఉబ్బి మసకబారితే అదే వాల్వు అరిగింది.

మధ్యలో అడ్డంగా ఒకే గీత: ఫ్రేము పనిచేయడం లేదు, పీసీఎల్805 లేదా దాని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ఆ గీతని బ్రైట్‌నెస్ తగ్గించకుండా వదిలితే ఫాస్ఫర్ మీద శాశ్వతంగా మచ్చ పడుతుంది. కింది భాగం మడతపడినట్టుంటే క్యాథోడ్ ఎలక్ట్రోలైటిక్ మార్చండి. గంట నడిచాక బొమ్మ ఎత్తు తగ్గితే మళ్ళీ అదే కండెన్సర్‌ని, ఆపైన వాల్వుని అనుమానించండి. పక్కల నుంచి కుంచించుకుపోతే హెచ్‌టీ తక్కువ, లేదా పీఎల్504 బలహీనం. అడ్డంగా పాకే నల్ల పట్టీ, సౌండులో గుయ్యిమనే రొద ఉంటే స్మూతింగ్ కండెన్సర్.

తెల్లటి చోట్లు వెండిలా మెరుస్తూ, ముఖాలు నెగెటివ్ ఫొటోలా కనిపిస్తే ట్యూబు ఎమిషన్ (ఎలక్ట్రాన్లు వదిలే శక్తి) అయిపోయింది. అరగంట తర్వాత మెరుగైతే ఇంకా కొంతకాలం వస్తుంది. హీటరు వోల్టేజీ పెంచే బూస్టర్ చివరి మందు, మొదట్లోనే వాడకండి.

సిగ్నలు, సెట్టింగులు

ఇప్పుడు గాల్లో అనలాగ్ సిగ్నలు పట్టుకునే పరిస్థితి లేదు. సెట్‌టాప్ బాక్సు ఏవీ ఔట్‌పుట్‌ని ఒక ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్‌కి ఇచ్చి, దాన్ని సెట్టు ట్యూనరు అందుకునే వీహెచ్ఎఫ్ ఛానెల్ మీద పెట్టండి. ఛానెల్ 4 అయితే బొమ్మ 62.25 మెగాహెర్ట్‌జ్, సౌండు దానికి 5.5 పైన, అంటే 67.75. మాడ్యులేటర్ సౌండు తేడా 5.5కే ఉందో చూసుకోండి, 4.5 లేదా 6 అయితే మాట వినిపించదు. మాడ్యులేటర్ తీగ 75 ఓమ్స్, వెనక స్క్రూలు 300 ఓమ్స్ రిబ్బన్ వైరువి, మధ్య ఆ రెండింటినీ కుదిర్చే బాలన్ ఒకటి కావాలి. బ్రిటిష్ 405 లైన్ల సెట్టయితే విడిగా స్టాండర్డ్స్ కన్వర్టర్ లేనిదే బొమ్మ నిలవదు.

ట్యూనరు కాంటాక్టులు ఆల్కహాల్‌తో తుడవండి, నూనె రాయకండి. తెర మీద గళ్ల నమూనా పెట్టి, ముందు లైన్ హోల్డు, ఫ్రేము హోల్డు, తర్వాత హైటు, లీనియారిటీ, చివర్లో మెడ మీది రెండు రింగు అయస్కాంతాలతో బొమ్మని మధ్యకి తెచ్చుకోండి. హైటు తిప్పితే లీనియారిటీ కదులుతుంది, రెండింటినీ మార్చి మార్చి మూడు నాలుగు సార్లు తిప్పాల్సిందే.

మొదటి రోజు పది నిమిషాలు నడిపి ఆపి, ఛార్జి దించి, కండెన్సర్లు వేలితో తాకి చూడండి, ఏదీ వెచ్చబడకూడదు. మర్నాడు అరగంట, తర్వాత రెండు గంటలు. నాబ్‌ల స్క్రూలు లైవ్ ఛాసిస్‌కే తగిలి ఉంటాయి కాబట్టి విరిగిన నాబ్ బదులు ఇనప స్పిండిల్ పట్టుకుని తిప్పే ఏర్పాటు పనికిరాదు, ప్లాస్టిక్‌దే వెతికి వెయ్యండి. వెనక అట్ట బిగించి, గోడకి జానెడు ఎడం వదిలి పెట్టండి. నెలకొకసారి అరగంట నడుపుతుంటే ఎలక్ట్రోలైటిక్‌లు మళ్ళీ లీకు దారి పట్టవు.